ఆకు చెప్పే ఆనవాళ్ళు

పాఠ్యభాగ నేపథ్యం

మొక్కకు నోరు లేదు. దాని కష్టం మొదట కనిపించేది ఆకులోనే. ఇళ్ళలో, వసారాలలో, మేడలపై కుండీలలో పెరిగే మొక్కల ఆకులు పసుపు బారడం, కొసలు మాడడం, మచ్చలు పడడం, ముడుచుకొనిపోవడం తరచుగా కనిపించే విషయాలు. ఈ మార్పులకు కారణాలను ఎట్లా గుర్తించాలో, తగిన చికిత్స ఎట్లా చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. శాస్త్రవిషయాన్ని సరళమైన తెలుగులో చెప్పే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం, పరిశీలించిన తరువాతనే నిర్ణయానికి వచ్చే అలవాటును వారిలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారి ఇంటికి మొక్కతో ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. పెరటిలో తులసికోట, బావి గట్టున అరటి, వంటింటి వెనుక కరివేప, గోడవార మందార, పందిరిపై మల్లె - ఇవి లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. పట్టణాలు పెరిగి పెరళ్ళు తరిగిన తరువాత ఆ మొక్కలే కుండీలలోకి మారాయి. వాటికి తోడుగా మనీ ప్లాంటు, క్రోటన్లు, డ్రసీనా వంటివి గదులలోకి కూడా వచ్చి చేరాయి. నేలపై పెరిగే మొక్కకు వేళ్ళు చాచుకొనే స్వేచ్ఛ ఉంటుంది. ఒకచోట తడి లేకపోతే మరొకచోట వెదుక్కుంటుంది. కుండీలోని మొక్కకు ఆ అవకాశం లేదు. ఆ కొద్దిపాటి మట్టే దాని లోకం. నీరు, ఎరువు, వెలుతురు, గాలి అన్నీ పెంచేవారి చేతిలోనే ఉంటాయి. కనుక కుండీలో మొక్కను పెంచడమంటే ఒక ప్రాణి బాధ్యతను పూర్తిగా స్వీకరించడమే.

ఆ ప్రాణి క్షేమసమాచారం ఆకులో తెలుస్తుంది. ఆకు మొక్కకు వంటశాల. అందులోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహిస్తుంది. వేళ్ళు పంపిన నీటితో, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో ఆకు ఆహారాన్ని తయారుచేస్తుంది. ఆకుపై ఉండే అతిసూక్ష్మమైన పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరిగా వెలుపలికి పోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. వేళ్ళ నుండి చిగురు దాకా నీరు పైకి ఎక్కడానికి ఇదే ముఖ్యకారణం. అందువల్ల వేరు కుళ్ళినా, కాండం దెబ్బతిన్నా, మట్టిలో లవణాలు పేరుకొన్నా ఆ కష్టం చివరకు ఆకుకే చేరుతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కారణాలనేకం, ఆకు చూపగల ఆనవాళ్ళు మాత్రం కొన్నే. పసుపు బారడం, వాడడం, మాడడం, మచ్చపడడం, ముడుచుకోవడం, రాలడం - దాదాపు ఇంతటితో ఆకు భాష ముగుస్తుంది. జ్వరం ఒక్కటే అయినా దానిని కలిగించే వ్యాధులు ఎన్నో ఉన్నట్లు, ఒకే పసుపు రంగు వెనుక పరస్పర విరుద్ధమైన కారణాలు దాగి ఉండవచ్చు.

నిదానం

వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని నిర్ణయించడాన్ని నిదానం అంటారు. మనుషులకు వలెనే వృక్షాలకు కూడా నిదానం, చికిత్స అవసరమని ప్రాచీనులు గుర్తించారు. సురపాలుడు సంస్కృతంలో రచించిన వృక్షాయుర్వేదం ఇందుకు నిదర్శనం. చెట్ల వ్యాధులను ఆయన లోపలి కారణాల వల్ల కలిగేవి, బయటి కారణాల వల్ల కలిగేవి అని రెండుగా విభజించాడు. వాత పిత్త కఫాలను లోపలి కారణాలుగాను, పురుగులు, వాతావరణం మొదలైనవాటిని బయటి కారణాలుగాను భావించాడు. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ఈ గ్రంథాన్ని 1996లో ఆంగ్లానువాదంతో ప్రచురించింది. వాత పిత్త కఫాల విభజనను నేటి వృక్షవ్యాధి శాస్త్రం అంగీకరించదు. కాని కంటికి కనిపించే లక్షణం వేరు, దానికి మూలమైన కారణం వేరు అనే మెలకువ అందులో ఉంది.

ఆ సంస్థను స్థాపించిన వై.ఎల్. నేనె స్వయంగా వృక్షవ్యాధి శాస్త్రవేత్త. ఆయన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేయడానికి ముందు హిమాలయాల దిగువన ఉన్న పంత్‌నగర్‌లో ఉండేవారు. ఆ తరాయి ప్రాంతంలో వరి ఆకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడి పైరు గిడసబారిపోయేది. దానిని రైతులు ‘ఖైరా’ అనేవారు. చూపునకు అది తెగులు వలె ఉండేది. అయితే అది సూక్ష్మజీవుల వల్ల వచ్చే తెగులు కాదని, నేలలో జింకు లోపించడమే అందుకు కారణమని నేనె 1966లో నిరూపించారు. జింకు సల్ఫేటు అందిన పైరు కోలుకొన్నది. కారణం తెలియక తెగులు మందులు ఎన్ని చల్లినా ఆ వరికి మేలు కలిగేది కాదు.

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు తొందరపడకపోవడం అనే అర్థం కూడా ఉంది. మొక్కల విషయంలో ఈ రెండు అర్థాలూ ఒక్కటే. తొందరపడని వారికే కారణం దొరుకుతుంది.

నీరు

కుండీలోని మొక్క ఆకులు పసుపు బారినప్పుడు మొదట పరీక్షించవలసినది మట్టి. సాధారణంగా ఇళ్ళలో జరిగే ఒక విషయాన్ని ఊహించవచ్చు. మనీ ప్లాంటు ఆకులు పసుపు బారాయి. నీరు చాలలేదేమోనని ఇంటివారు ఉదయం, సాయంత్రం నీరు పోశారు. ఆకులు వాడసాగాయి. బలం చాలలేదేమోనని యూరియా వేశారు. ఆకుల అంచులు మాడాయి. పురుగు పట్టిందేమోనని మందు చల్లారు. కొద్దిరోజులలో మొక్క చనిపోయింది. నిజానికి ఆ మొక్కకు మొదటి నుండి ఉన్న కష్టం ఒక్కటే: కుండీ అడుగున ఉన్న రంధ్రం మూసుకొనిపోయింది. ఇంటివారు చేసిన ప్రతి ఉపకారమూ దానికి అపకారమే అయింది.

వేళ్ళు నీటిని పీల్చడమే కాదు, శ్వాసిస్తాయి కూడా. మట్టి రేణువుల మధ్యనున్న ఖాళీలలోని గాలి వాటికి ప్రాణవాయువును అందిస్తుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్ళకు ఊపిరి ఆడదు. అప్పుడు తడిలో పెరిగే సూక్ష్మజీవులు వాటిని కుళ్ళింపజేస్తాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కనుక నీటి మధ్యనే ఉన్నా మొక్క దాహంతో వాడుతుంది. దాహంతో వాడిన ఆకు, నీరెక్కువై వాడిన ఆకు చూడడానికి ఒకే విధంగా ఉండడం వల్లనే పొరపాటు జరుగుతుంది.

రెంటినీ వేరుచేసే పరీక్ష సులభమైనది. చూపుడువేలిని రెండు అంగుళాల లోతు వరకు మట్టిలో దించాలి. మట్టి పొడిగా ఉండి, కుండీ తేలికగా ఉంటే మొక్క నీటిని కోరుతున్నదని అర్థం. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాడుతుంటే వేళ్ళను అనుమానించాలి. మొక్కను మట్టితో సహా మెల్లగా వెలుపలికి తీసి చూడాలి. ఆరోగ్యమైన వేళ్ళు సాధారణంగా తెల్లగా, గట్టిగా ఉంటాయి. కుళ్ళినవి గోధుమ రంగుకు మారి, మెత్తబడి, దుర్వాసన వేస్తాయి. అట్టి వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తొలగించి, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపిన కొత్త మట్టిలో మొక్కను నాటాలి. కుండీకి రంధ్రం తప్పక ఉండాలి. కొన్నాళ్ళు నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా రసాయనిక ఎరువు వేయరాదు. రోజుకు ఇన్ని చెంబులు అనే లెక్క ఏ మొక్కకూ పనికిరాదు. వేసవిలో మేడపై ఉన్న మల్లెకు ప్రతిదినం నీరు అవసరం. ముసురు పట్టిన శ్రావణంలో అదే మల్లెకు వారం రోజులైనా అక్కరలేకపోవచ్చు.

నీటి పరిమాణం వలెనే నీటి స్వభావం కూడా ముఖ్యమైనది. బోరు నీరు ఉప్పుగా ఉన్నచోట కుండీ అంచులపై, మట్టిపై తెల్లని పొర ఏర్పడుతుంది. ఆకుల కొసలు, అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడుతాయి. ఎరువు మితిమీరినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కుండీ అడుగు నుండి ధారగా కారిపోయేటట్లు రెండు మూడు పర్యాయాలు మంచినీరు పోస్తే లవణాలు కొట్టుకొనిపోతాయి. వర్షపు నీరు ఇందుకు మేలైనది. డ్రసీనా వంటి కొన్ని మొక్కలు నీటిలోని ఫ్లోరైడును సహించలేవు. 1937లో నెల్లూరు జిల్లాలో మనుషుల ఎముకలను వంచే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి లోకానికి తెలిపారు. నల్గొండ జిల్లా ప్రజలు కూడా ఫ్లోరైడు నీటి వల్ల తరతరాలుగా ఎంతో బాధపడ్డారు. మనిషి ఎముకకు హాని చేసే ఆ పదార్థమే ఈ మొక్కల ఆకు కొసలను కూడా మాడ్చివేస్తుంది.

వెలుతురు

గదిలో ఉంచిన మొక్క కాడలు సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, కొత్త ఆకులు చిన్నవై, మొక్క అంతా కిటికీ వైపు వంగుతుంటే అది వెలుతురు కోసం వెదుకుతున్నదని గ్రహించాలి. రంగురంగుల ఆకులు గల మొక్కలు చీకటి మూలలో తమ చారలను కోల్పోయి పచ్చగా మారిపోతాయి. ఇందుకు ఎరువు మందు కాదు. స్థలం మార్చడమే మందు. అయితే నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో ఉంచితే ఎండ తగిలిన వైపున తెల్లని లేదా గోధుమ రంగు మచ్చలు పడుతాయి. ఇవి తెగులు మచ్చలు కావు. తెగులు మచ్చలు రోజురోజుకూ పెరిగి ఇతర ఆకులకు వ్యాపిస్తాయి. ఎండ మచ్చలు ఏర్పడినచోటనే నిలిచిపోతాయి. ఉదయపు ఎండకు మొదట ఒక గంట, తరువాత రెండు గంటలు చొప్పున వారం పది రోజులపాటు అలవాటు చేస్తే ఈ ప్రమాదం ఉండదు.

పోషకాలు

మట్టి తడి, వెలుతురు సరిగా ఉన్నాయని నిశ్చయించుకొన్న తరువాతనే పోషకాల లోపాన్ని గురించి ఆలోచించాలి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: పసుపు మొదట ముదురాకులలో కనిపించిందా, లేతాకులలో కనిపించిందా?

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్క దేహంలో సులభంగా కదులుతాయి. వాటికి కొరత ఏర్పడినప్పుడు మొక్క ముదురాకులలో ఉన్నవాటిని చిగుళ్ళకు తరలిస్తుంది. తాము ఎండిపోతూ బిడ్డలకు అన్నం పెట్టే తల్లులవలె ముదురాకులు క్షీణిస్తాయి. ముదురాకు మొత్తం సమంగా పాలిపోతే నత్రజని లోపమని, ఈనెలు పచ్చగా ఉండి నడుమ భాగం పసుపు బారితే మెగ్నీషియం లోపమని భావించవచ్చు. మొదటిదానికి చివికిన పశువుల ఎరువు గాని, వర్మీకంపోస్టు గాని చాలు. రెండవదానికి లీటరు నీటిలో 2 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి ఆకులపై పిచికారి చేయాలి.

ఇనుము అట్లా కదలదు. కనుక దాని లోపం మొదట చిగుళ్ళలో కనిపిస్తుంది. లేతాకులు లేత పసుపుగా, ఒక్కొక్కసారి తెల్లగా మారుతాయి. ఈనెలు మాత్రం సన్నని ఆకుపచ్చ గీతలవలె నిలుస్తాయి. సున్నపు గుణం గల మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు దానిని తీసుకోలేవు. ఇంటి మరమ్మతులలో సున్నం, సిమెంటు కలిసిన మట్టిని కుండీలో నింపినా ఇదే స్థితి కలుగుతుంది. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేస్తే చిగుళ్ళు తిరిగి పచ్చబడుతాయి. మట్టిని మార్చడం శాశ్వతమైన చికిత్స. ఇక అప్పుడప్పుడు అడుగున ఒక ముదురాకు పండి రాలడం వ్యాధి కాదు. అది వయోధర్మం.

పురుగులు, తెగుళ్ళు

పురుగులు తరచుగా ఆకు అడుగుభాగంలో, లేత కొమ్మల కణుపులలో దాగి ఉంటాయి. ఆకును తిప్పి చూడనిదే పరీక్ష పూర్తి కాదు. మందార కొమ్మలపై దూదిపింజల వలె కనిపించేది పిండినల్లి. చిగుళ్ళపై గుంపులుగా చేరేది పేనుబంక. ఇవి రసాన్ని పీల్చి తియ్యని జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురు కోసం చీమలు వస్తాయి. దానిపై నల్లని మసి వంటి బూజు పెరుగుతుంది. కనుక కాండంపై చీమలబారు కనిపిస్తే పైన ఏముందో వెదకాలి. ఆకుపై సన్నని తెల్ల చుక్కలు, అడుగున సాలెగూటి దారాలు ఉంటే ఎర్రనల్లి ఉన్నదని అనుమానించాలి. తెల్లకాగితంపై ఆకును తట్టితే చుక్కలంత నల్లులు కదులుతూ కనిపిస్తాయి. ఎనిమిది కాళ్ళు గల ఈ జీవి పొడిగాలిలో, వేడిలో వేగంగా వృద్ధి చెందుతుంది.

వీటన్నింటికీ మొదటి చికిత్స నీటి ధారతో ఆకు అడుగుభాగాన్ని కడగడం. పిండినల్లిని స్పిరిటులో తడిపిన దూదితో తుడిచివేయవచ్చు. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, అది నీటిలో కలియడానికి కొద్ది చుక్కల సబ్బునీటిని చేర్చి సాయంకాలం పిచికారి చేయాలి. ముందుగా ఒక ఆకుపై చల్లి, మరునాడు అది మాడలేదని తెలుసుకొన్న తరువాతనే మొక్కంతటికీ వాడాలి. గుడ్లలో ఉన్న పురుగులు తరువాత వెలువడుతాయి కనుక వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు చేయాలి.

ఆకు తెగినంత మాత్రాన మందు చల్లనవసరం లేదు. కరివేప ఆకులను తినే పురుగు చిన్నతనంలో పక్షిరెట్ట వలె, పెరిగిన తరువాత ఆకుపచ్చగా ఉంటుంది. అది నిమ్మజాతి మొక్కలపై పెరిగే సీతాకోకచిలుక పిల్ల. చేతితో ఏరివేస్తే చాలు. గులాబి ఆకు అంచున గుండ్రంగా కత్తిరించినట్లు కనిపిస్తే అది ఒక జాతి తేనెటీగ తన గూటికోసం తీసుకొనిపోయిన ముక్క. ఆ ఈగ ఆకును తినదు. పువ్వులకు పరాగసంపర్కం చేస్తుంది. దానిని చంపడం తోటకే నష్టం.

శిలీంధ్రాల వల్ల కలిగేవాటిలో గులాబి నల్లమచ్చ తెగులు, బూడిద తెగులు ముఖ్యమైనవి. నల్లమచ్చ తెగులు సోకడానికి ఆకు కనీసం 7 గంటలపాటు తడిగా ఉండాలి. ఉదయమే, ఆకులు తడవకుండా మొదట్లో నీరు పోస్తే ఆ తడికి ఆస్కారం తగ్గుతుంది. రాలిన ఆకులను ఏరి పారవేయాలి. బూడిద తెగులు ఆకుపై తెల్లని పొడివలె కనిపిస్తుంది. ఆకు తడవకపోయినా వస్తుంది. గాలి ఆడేటట్లు కొమ్మలను కత్తిరించి, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కలిసే గంధకం పొడిని పిచికారి చేయాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గాని, వేపనూనె చల్లిన రెండు వారాలలోపు గాని గంధకం వాడితే ఆకులు మాడుతాయి.

చికిత్సలో మెలకువ

ఇంటిలోని మొక్కకు చల్లిన మందు ఇంటివారికి కూడా చేరుతుంది. తులసి దళాన్ని నోట వేసుకొంటారు, కరివేపను పోపులో వేస్తారు, తమలపాకును నములుతారు. పొలానికి ఉద్దేశించిన మందును వీటిపై చల్లడం అపాయకరం. పురుగుమందు డబ్బాపై వజ్రాకారంలో ఒక గుర్తు ఉంటుంది. అందులోని ఎరుపు అత్యంత విషపూరితమని, పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తక్కువ విషపూరితమని తెలుపుతాయి. తక్కువ విషం అంటే విషం లేదని అర్థం కాదు.

కనుక చికిత్సకు ఒక క్రమం ఉండాలి. మొదట వ్యాధి సోకిన మొక్కను ఇతర మొక్కలకు దూరంగా ఉంచాలి. మట్టి తడి, కుండీ రంధ్రం, వెలుతురు, ముదురాకు, లేతాకు, ఆకు అడుగుభాగం - వీటిని వరుసగా పరిశీలించాలి. ఇటీవల స్థలం, నీరు, ఎరువులలో ఏ మార్పు జరిగిందో గుర్తుచేసుకోవాలి. తరువాత ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి వారం పది రోజులు వేచి చూడాలి. ఒకేసారి నాలుగు మందులు వేస్తే మొక్క కోలుకొన్నా దేనివల్ల కోలుకొన్నదో తెలియదు; చనిపోయినా దేనివల్ల చనిపోయిందో తెలియదు.

మాడిన ఆకు, మచ్చపడిన ఆకు తిరిగి మునుపటివలె మారవు. వాటిని చూచి చికిత్స విఫలమైందని నిరాశపడి కొత్త మందుల కోసం పరుగెత్తనవసరం లేదు. చికిత్స ఫలించినదీ లేనిదీ చెప్పేది కొత్త చిగురే. అది పచ్చగా, మచ్చలేకుండా విచ్చుకొంటే నిదానం సరియైనదే.

పదాలు - అర్థాలు

నిదానం = రోగకారణ నిర్ణయం; తొందర లేకపోవడం
పత్రహరితం = ఆకుకు పచ్చదనాన్ని ఇచ్చే పదార్థం
బాష్పోత్సేకం = ఆకుల నుండి నీరు ఆవిరిగా పోవడం
ఈనె = ఆకులోని నరం
గిడసబారు = ఎదుగుదల ఆగిపోవు
వయోధర్మం = వయసు వల్ల సహజంగా కలిగే మార్పు

అభ్యాసం

1. కుండీలోని మొక్కకు నీరు ఎక్కువైనప్పుడు, తక్కువైనప్పుడు కలిగే లక్షణాలను పోల్చి వివరించండి.
2. ముదురాకులలో, లేతాకులలో పోషక లోపాలు వేరువేరుగా కనిపించడానికి కారణమేమి?
3. ఖైరా తెగులు వృత్తాంతం వల్ల తెలుసుకోదగిన నీతి ఏమి?
4. కాండంపై చీమలబారు దేనికి సూచన?
5. ‘నిదానం’ అనే పదాన్ని రెండు అర్థాలలోనూ ప్రయోగించి సొంతవాక్యాలు రాయండి.
6. విడదీసి సంధి పేరు తెలపండి: వృక్షాయుర్వేదం, బాష్పోత్సేకం, కారణాలనేకం.
7. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: సూర్యకాంతి, రోగకారణం.